ఆక్యుపంక్చర్‌తో నడుం నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. ఎనిమిది నెలలుగా నడుం నొప్పి. పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉంటుంది, కాసేపు తిరిగితే సర్దుకుంటుంది. మధ్యాహ్నం మిషన్ మీద గంట కూర్చుంటే మళ్లీ మొదలు. ఎడమ పిరుదు దాకా లాగుతుంది కానీ కాల్లోకి దిగదు. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త బయటికి ఉబ్బడం) అని రాశారు. ఎముకల డాక్టరు గారు మాత్రలు, బెల్టు ఇచ్చి రెస్టు తీసుకోమన్నారు. మాత్ర వేసుకున్న పూట బాగుంటుంది, అంతే. మా వీధిలో ఒకావిడకి ఆక్యుపంక్చర్‌తో తగ్గిందంటే నేనూ వెళ్లి అడిగొచ్చాను. 20 సిట్టింగుల్లో డిస్క్ లోపలికి వెళ్లిపోతుందట. ముందే కడితే 18,000, విడిగా అయితే సిట్టింగ్‌కి 1,200 అన్నారు. ఇంగ్లీషు మందులన్నీ ఆపేయాలట, నేను వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌తో సహా. సూదులు ఒక స్పిరిట్ సీసాలో వేసి ఉన్నాయి. మా ఆయనేమో ‘మందు లేని ఉత్త సూది గుచ్చితే ఏం తగ్గుద్ది’ అంటున్నారు. వెళ్లమంటారా? వెళ్తే మా అత్తగారిని కూడా తీసుకెళ్లొచ్చా? ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రెండేళ్ల క్రితం గుండెకి స్టెంట్ వేశారు.

జవాబు: ఆక్యుపంక్చర్ చేయించుకోవాలనుకుంటే చేయించుకోండమ్మా. ఆ సెంటర్‌లో మాత్రం వద్దు. ఎందుకు వద్దో మీ ఉత్తరంలోనే ఉంది. షుగర్ మాత్ర ఆపేయమన్న మనిషి చేతికి నడుం అప్పగించకండి. మెట్‌ఫార్మిన్ మానేస్తే ఆ రోజే మీకేమీ తెలియదు. షుగర్ చప్పుడు చేయకుండా పెరుగుతుంది, పెరిగిన ఒంట్లో చిన్న సూది పోటు కూడా చీము పట్టే అవకాశం ఎక్కువ. సూదుల వైద్యానికీ షుగర్ మాత్రకీ ఏ పేచీ లేదు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

ఇక స్పిరిట్ సీసా. సూదిని స్పిరిట్‌లో నానబెడితే శుభ్రపడినట్టు కాదు. ఒకరికి గుచ్చి తీసిన సూది ఇంకొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి లాంటివి సోకుతాయి. ఆక్యుపంక్చర్ సూదుల వల్లే అలా సోకిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇప్పుడు ఒక్కసారి వాడి పారేసే సూదులు చవగ్గానే దొరుకుతున్నాయి. మీ కళ్ల ముందు ప్యాకెట్ చింపాలి, పని అయ్యాక మీ కళ్ల ముందే సూదుల డబ్బాలో పడేయాలి. సూదులు మీవే, మీ పేరు రాసి దాచిపెడతాం అన్నా ఒప్పుకోవద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. పని చేస్తుందా?

చేస్తుంది, కొంత. ఆ ‘కొంత’ ఎంతో తెలియాలంటే జర్మనీలో జరిగిన ఒక పెద్ద పరీక్ష సంగతి చెప్పాలి. అక్కడ చాలా ఏళ్లుగా నడుం నొప్పితో ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చైనా పద్ధతిలో సరైన చోట్ల సూదులు. రెండో గుంపుకి కావాలనే తప్పు చోట్ల, పైపైన సూదులు, ఆ సంగతి వాళ్లకి తెలియకుండా. మూడో గుంపుకి మనం రోజూ చూసే వైద్యమే: మాత్రలు, ఫిజియోథెరపీ, వ్యాయామం. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత మేలు కనబడింది సరైన సూదుల గుంపులో 47.6 శాతం మందికి, మాత్రల గుంపులో 27.4 శాతం మందికే. ఇక్కడిదాకా వింటే ఆక్యుపంక్చర్ వాళ్లు పండగ చేసుకోవాలి. కానీ తప్పు చోట్ల సూదులు గుచ్చినవాళ్లలోనూ 44.2 శాతం మందికి మేలు కనబడింది. అసలుకీ నకిలీకీ పెద్ద తేడా తేలలేదు.

అమెరికాలో 2009లో ఇంకా తమాషా పని చేశారు. 638 మందిలో ఒక గుంపుకి సూది బదులు పళ్లు కుట్టుకునే పుల్ల వాడారు. సన్నటి గొట్టంలో పుల్ల పెట్టి, చర్మం మీద ఆనించి, వేలితో టక్కుమని తట్టి, కాస్త తిప్పి తీసేశారు. బోర్లా పడుకున్న మనిషికి సూది దిగిందో పుల్ల ఆనిందో తెలియలేదు. ఎనిమిది వారాలకి సూదుల వాళ్లూ పుల్లల వాళ్లూ దాదాపు సమానంగా బాగుపడ్డారు. వీళ్లందరినీ కలిపి చూస్తే వంగడం, లేవడం లాంటి పనుల్లో గట్టి మెరుగుదల 60 శాతం మందికి, మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్లలో 39 శాతం మందికి.

దీన్నుంచి ఒక్కో దేశం ఒక్కో తీర్పు చెప్పుకుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2009లో నడుం నొప్పికి పది సిట్టింగుల దాకా ఇవ్వొచ్చంది. 2016కి మాట మార్చుకుని, నకిలీ సూదులకన్నా గట్టిగా మెరుగు కానప్పుడు ఇవ్వొద్దంది. అమెరికాలో కథ ఎదురు నడిచింది. అక్కడి వైద్యుల సంఘం 2017లో మాత్రలకన్నా ముందు ప్రయత్నించాల్సిన వాటిలో దీన్ని చేర్చింది, 2020 నుంచి అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ డబ్బులూ కడుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 చివర్లో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద ఇచ్చిన సలహాల్లో సూదుల వైద్యాన్ని కొన్ని షరతులతో ఒప్పుకుంది. అదే పుస్తకంలో నడుం బెల్టు వద్దనీ, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) వద్దనీ ఉంది. మన వీధుల్లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేవి ఆ రెండే.

నా అభిప్రాయం అడిగితే, నకిలీ సూదితో తగ్గిన నొప్పి కూడా తగ్గిన నొప్పే. మిషన్ మీద కూర్చోవాల్సిన మనిషికి అది ఏ దారిలో తగ్గిందన్నది రెండో సంగతి. కానీ నకిలీ సూదికీ అసలు సూదికీ అంత దగ్గర పోలిక ఉన్నప్పుడు, ‘ఈ పాయింట్ మాకొక్కరికే తెలుసు, అందుకే ఈ రేటు’ అనేవాళ్లకి ఎక్కువ డబ్బులు ఇవ్వనక్కర్లేదు.

మీ ఆయన ప్రశ్న మంచిదే. ఉత్త సూది ఏం చేస్తుంది? చైనా వైద్యంలో దీనికి ‘చీ’ అనే ప్రాణశక్తి, అది పారే దారులు అంటూ ఒక వివరణ ఉంది. కోసి చూస్తే ఆ దారులు ఒంట్లో దొరకవు. దొరికేవి నరాలు. కండలోకి సూది దిగి కదిలినప్పుడు అక్కడి నరాలు వెన్నుపాముకి కబురు పంపుతాయి, మెదడు తన సొంత నొప్పి మందుని, ఎండార్ఫిన్లని, వదులుతుంది. వాటికి అడ్డుపడే నాలోక్సోన్ అనే మందు ఇస్తే సూదుల ప్రభావం తగ్గడం 1970ల్లోనే కొన్ని ప్రయోగాల్లో చూశారు. దానికి తోడు అరగంట కదలకుండా పడుకోవడం, ఒక మనిషి ఓపిగ్గా విని, నొప్పి ఉన్న చోట చెయ్యి వేసి చూడటం, తగ్గుతుందన్న నమ్మకం. పుల్లతో తగ్గినవాళ్లకి తగ్గింది ఎక్కువగా వీటివల్లే అయ్యుండాలి. మందు సూదిలో లేకపోయినా ఒంట్లో ఉందని మీ ఆయనకి చెప్పండి.

డిస్క్ లోపలికి వెళ్లిపోతుందన్న మాట మాత్రం నమ్మకండి. వీపులో పెట్టే సూది సాధారణంగా పావు మిల్లీమీటరు మందం ఉంటుంది, కండలో ఆగుతుంది. డిస్క్‌ని తాకదు, నెట్టదు. పైగా మీ నొప్పికి ఆ బల్జే కారణమని ఎవరు తేల్చారు? ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్లని కలిపి లెక్కవేస్తే, 40 ఏళ్ల వయసువాళ్లలో సగం మందికి డిస్క్ బల్జ్ కనబడింది. 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి ఉంది. తలలో తెల్ల వెంట్రుక లాంటిది అది, వయసుతో వస్తుంది, చాలామందిని ఏమీ చేయదు. ఎమ్మారై కాగితంలో ఆ మాట చదివి వంగడానికే భయపడేవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు. ఆ భయంతో నడుం బిగపట్టుకుని నడుస్తారు, కండలు ఇంకా పట్టేస్తాయి. మీ నొప్పి కాల్లోకి దిగడం లేదు, తిమ్మిరి ఉందని కూడా మీరు రాయలేదు. కాబట్టి నరం నొక్కుకుపోయిందన్న టెన్షన్ పెట్టుకోకండి. నిజంగా డిస్క్ ముక్క బయటికి జారినవాళ్లలో కూడా చాలామందికి అది నెలల మీద దానంతట అదే కుంచించుకుపోతుంది. ఆ నెలల్లో ఎవరు వైద్యం చేస్తుంటే పేరు వాళ్లకి వస్తుంది.

కొన్ని లక్షణాలుంటే సూదులూ వద్దు, నా సలహా కూడా వద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఒంటికి రెంటికి పట్టు తప్పడం లేదా మూత్రం బిగిసిపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం. ఇవి కనబడిన రోజే వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ముందు పరీక్షలు. క్షయ వెన్నుపూసకి కూడా పడుతుంది, మన దేశంలో దాన్ని మరిచిపోకూడదు. ఇలాంటి నడుం మీద వారాల తరబడి సూదులు గుచ్చుకుంటూ కూర్చోవడమే ఆక్యుపంక్చర్‌లో ఉన్న అసలు ప్రమాదం. సూదుల వల్ల నేరుగా వచ్చేవి చిన్నవే: కాస్త రక్తం, కమిలిన మచ్చ, ఒక్కోసారి కళ్లు తిరగడం. పక్కటెముకల మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగలడం చాలా అరుదుగా జరుగుతుంది. నడుం దగ్గర ఆ భయం తక్కువ.

ఎవరి దగ్గర చేయించుకోవాలి? మన దేశానికి ఈ వైద్యం వచ్చిన దారి ఆసక్తిగా ఉంటుంది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. అందులో షోలాపూర్ మనిషి డాక్టర్ కొట్నీస్ 1942లో అక్కడే చనిపోయాడు, ఆయన పేరు చాలామందికి తెలుసు. అదే జట్టులోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూదుల వైద్యం నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. అందుకే దీనికి ప్రత్యేకంగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం పశ్చిమ బెంగాల్, 1996లో. మన వైపు అయితే బోర్డు మీద పేరు చూసి కాక, డిగ్రీ అడిగి లోపలికి వెళ్లండి. ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ చదివిన ప్రకృతి వైద్యులకి సిలబస్‌లోనే ఆక్యుపంక్చర్ ఉంటుంది. నొప్పి వైద్యంలో ఉన్న కొందరు ఎంబీబీఎస్ డాక్టర్లూ విడిగా నేర్చుకుని చేస్తున్నారు. గుంటూరు, విజయవాడ మీకు దగ్గరే, విచారించండి. వారం రోజుల సర్టిఫికెట్ గోడకి కట్టుకున్నవాళ్లకి దూరంగా ఉండండి.

మంచి చోట సిట్టింగ్ ఎలా ఉంటుందో చెబుతాను, భయం పోతుంది. ముందు మీ మందులన్నీ, జబ్బులన్నీ అడిగి రాసుకుంటారు. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతారు. నడుంకి రెండు పక్కలా, పిరుదు మీద, మోకాలి వెనక గుంటలో, చీలమండ దగ్గర, అన్నీ కలిపి పది పదిహేను సూదులు. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది. లోపలికి వెళ్లాక సూదిని తిప్పితే బరువుగా, గుంజినట్టు, మొద్దుగా అనిపిస్తుంది. అలా అనిపించడమే కావాలంటారు వాళ్లు. చురుక్కుమని కరెంటు షాక్‌లా కాల్లోకి పాకితే మాత్రం వెంటనే చెప్పండి, సూది జరుపుతారు. తర్వాత 20 నుంచి 30 నిమిషాలు అలాగే వదిలేస్తారు. చాలామంది నిద్రపోతారు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. షుగర్ ఉన్నవాళ్లకి అక్కడే కళ్లు తిరిగేది అందువల్ల.

డబ్బులు ముందే కట్టకండి. అమెరికా మెడికేర్ కూడా గంపగుత్తగా ఇవ్వదు. 90 రోజుల్లో 12 సిట్టింగులకి కడుతుంది, మెరుగు కనబడితేనే ఇంకో 8, లేకపోతే అక్కడితో ఆపేస్తుంది. అంత పెద్ద బీమాకి ఉన్న జాగ్రత్త మీకూ ఉండాలి కదా. వారానికి రెండు చొప్పున ఆరు సిట్టింగులు తీసుకోండి. మీకు చెప్పిన విడి రేటే వేసుకున్నా 7,200 అవుతుంది. మీ కొలతల పుస్తకంలో వెనక పేజీ తీసి, రోజూ రాత్రి రెండు అంకెలు రాయండి: నొప్పి పదికి ఎంత, ఆ రోజు మిషన్ మీద ఎంతసేపు ఆగకుండా కూర్చోగలిగారు. మొదటి సిట్టింగ్‌కి వారం ముందు నుంచే రాయడం మొదలుపెట్టండి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఆరు అయ్యాక నొప్పి అంకె కనీసం రెండు తగ్గిందా, కూర్చునే సమయం పెరిగిందా చూడండి. పెరిగితే ఇంకో ఆరు. లేకపోతే ‘ఇంకో పది అయితేగానీ తెలియదు’ అని వాళ్లు ఎంత చెప్పినా లేచి వచ్చేయండి.

తగ్గిన ఆ రోజుల్లో మీరేం చేస్తారన్నది సూదులకన్నా ముఖ్యం. రెస్టు తీసుకోమన్నారని రాశారు. నొప్పి భగ్గుమన్న ఒకటి రెండు రోజులకి అది సరే, ఎనిమిది నెలల నొప్పికి రెస్టు మందు కాదు. బెల్టు పెట్టెలో పెట్టేయండి. నడక మొదలుపెట్టండి. 2024లో ఆస్ట్రేలియా వాళ్లు 701 మంది మీద చేసిన పరీక్ష ఒకటి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్లని మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు సార్లు అరగంట నడిచేలా చేశారు, మధ్యమధ్యలో ఫిజియోథెరపిస్ట్ సలహాలు. ఏమీ చేయనివాళ్లలో సగం మందికి 112 రోజుల్లో నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్లకి అది 208 రోజులు పట్టింది. మీ నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు కాబట్టి పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి మూడు నాలుగు నిమిషాలు పెంచండి. నడక షుగర్‌కి కూడా మంచిదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మీ పని కూడా కాస్త మారాలి. కటింగ్ నేల మీద వంగి చేస్తున్నారా? చాలా ఇళ్లలో అంతే. గుడ్డ పరిచేది మీ నడుం ఎత్తుకి రావాలి, పాత డైనింగ్ టేబుల్ కింద ఇటుకలు పెట్టినా చాలు. మిషన్ స్టూలు ఎత్తు, మోకాళ్లకన్నా తుంటి కొంచెం పైన ఉండేలా చూసుకోండి. ఇలాగే కూర్చోవాలి అనే ఒక్క పద్ధతంటూ లేదు, ఎలా కూర్చున్నా అరగంటకి మించి అదే పనిగా కూర్చోకపోవడమే పద్ధతి. రెండు చేతులు అతికించగానే లేచి ఇస్త్రీ పని చేసుకోండి, హుక్కులు, హెమ్మింగ్ గోడకి ఆనుకుని చేయండి. శ్రావణమాసం ఆర్డర్లు మీద పడినప్పుడు ఇది కష్టమని తెలుసు. ఫోన్‌లో అరగంటకోసారి మోగేలా పెట్టుకోండి. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి రెండు మూడుసార్లు వెళ్లి పిరుదు, పొట్ట కండలకి వ్యాయామాలు నేర్చుకుంటే చాలు. కరెంటు పెట్టించుకోవడానికి నెల రోజులు తిరగనక్కర్లేదు.

ఇంకో మాట. ఎనిమిది నెలలుగా నొప్పి మాత్రలు వాడుతున్నారు, షుగర్ ఉంది. ఈ రెండూ కిడ్నీ మీద పని చేస్తాయి. ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్త పరీక్ష), మూత్రంలో ప్రోటీన్ చూపించుకుని, ఆ కాగితం షుగర్ డాక్టరు గారికి చూపించండి. నొప్పి తగ్గుతున్న కొద్దీ ఆ మాత్రలు ఆయన్ని అడిగి తగ్గించుకోవచ్చు. ఆక్యుపంక్చర్ వల్ల ఆపదగ్గ ఇంగ్లీషు మందు ఏదైనా ఉంటే అది ఒక్కటే.

అత్తగారి మోకాళ్ల విషయానికొస్తే, అక్కడా కథ ఇంచుమించు ఇదే. నేను పైన చెప్పిన జర్మనీ వాళ్లు మోకాళ్ల అరుగుదల మీద కూడా అలాంటి పరీక్షే చేశారు. సరైన సూదులూ తప్పు సూదులూ రెండూ మామూలు వైద్యంకన్నా మెరుగ్గా కనబడ్డాయి, వాటిలో వాటికి తేడా తేలలేదు. 2007 నుంచి అక్కడి బీమా నడుంకీ మోకాళ్లకీ మాత్రమే సూదుల ఖర్చు ఇస్తోంది. కాబట్టి తీసుకెళ్లొచ్చు, అదే ఆరు సిట్టింగుల లెక్కతో. ఆవిడ స్టెంట్ తర్వాత రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ ఉంటారు. సూదులు పెట్టే ముందు ఆ మాత్రల చీటీ చూపించండి. వాటితో సూదులు పెట్టొచ్చు, కాకపోతే పైపైన పెట్టాలి, తీశాక దూదితో ఇంకాసేపు నొక్కి పట్టాలి. కమిలిన మచ్చలు మామూలుకన్నా పెద్దవి రావొచ్చు. మోకాలి చుట్టూ చర్మం పుండు పడి ఉంటే వద్దు. సూదుల కోసం ఆ మాత్ర ఒక్క పూట మానమని ఎవరన్నా అంటే అక్కడ పడుకోకుండానే ఇంటికి తీసుకొచ్చేయండి. స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.